కార్డుతో కొంటే ఒక తీరు, నగదుతో కొంటే ఇంకో తీరు: మా రిటర్న్ కౌంటర్ అనుభవం

అమెరికాలో టెక్సస్‌లోని ఫ్రిస్కోలో మా ఇంటికి దగ్గర్లో ఒక పెద్ద డిస్కౌంట్ స్టోర్ ఉంది. పిల్లలు పుట్టకముందు నుంచీ అక్కడే కొంటున్నాం, వద్దనుకున్నవి అక్కడే తిరిగి ఇచ్చేస్తున్నాం. ధరలు, సరుకు నాణ్యత, తిరిగి ఇవ్వడానికి 90 రోజుల గడువు, ఎలక్ట్రానిక్స్‌కి మాత్రం 30 రోజులే, ఇవన్నీ ఇక్కడ ఉండేవాళ్లకు కొత్తగా చెప్పక్కర్లేదు. నేను రాయాలనుకున్నది రిటర్న్ కౌంటర్ గురించి, అందులోనూ ఒక్క విషయం. రిసీట్ లేకపోయినా, కొన్నప్పుడు వాడిన కార్డు ఇస్తే చాలు, ఏ రోజు ఏం కొన్నామో వాళ్ల కంప్యూటర్‌లో వచ్చేస్తుంది. పక్క స్టోర్‌లో రెండు డాలర్లు తక్కువకు దొరికినా నేను ఇక్కడే కొనడానికి కారణం ఇదొక్కటే.

దీని విలువ ఇండియా ప్రయాణానికి షాపింగ్ చేసినవాళ్లకు బాగా తెలుస్తుంది. ఎవరికి ఏం కావాలో ముందు ఎవరూ చెప్పరు, టికెట్లు కొన్నాక ఒక్కొక్కరు చెప్తారు, ఈలోపు సేల్ వచ్చింది కదా అని మనమే కొన్ని కొనిపెట్టుకుంటాం, చివరికి సూట్‌కేసు తూకం వేస్తే 23 కిలోలు దాటిపోతుంది. అప్పుడు తీసి పక్కన పెట్టినవన్నీ ఎక్కడికి పోవాలి? ఇంకో ఇబ్బంది కరెంటుది. అమ్మకు మోకాళ్ల నొప్పులకని హీటింగ్ ప్యాడ్ తెస్తే, డబ్బా విప్పి వెనక చూస్తే 120 వోల్టులు మాత్రమే అని రాసి ఉంది. ఇండియాలో 230. ట్రాన్స్‌ఫార్మర్ పెట్టుకుని హీటింగ్ ప్యాడ్ వాడుకోమని అమ్మకు చెప్పలేను కదా. ఫోన్ చార్జర్ల మీద అయితే 100 నుంచి 240 దాకా అని ఉంటుంది, వాటితో బాధ లేదు. వేడిచేసే వస్తువుల్లో చాలావాటికి అది ఉండదు, కౌంటర్‌కు నేను తీసుకెళ్లే సామాన్లలో ఎక్కువ ఇవే.

ఇవన్నీ సంచిలో వేసుకుని వెళ్తే కార్డు గీకుతారు, ఒక్కోదాన్ని స్కాన్ చేస్తారు, 8.25 శాతం సేల్స్ టాక్స్‌తో సహా డబ్బు కొద్ది రోజుల్లో కార్డులో పడిపోతుంది. ఎందుకు ఇస్తున్నారని అడిగితే అడుగుతారు, ఏదో ఒకటి నొక్కుకుంటారు, అంతే. ఆ అమ్మాయిల ముఖంలో విసుగు నేనెప్పుడూ చూడలేదు, క్రిస్మస్ తర్వాత వారం లైను తలుపు దాకా ఉన్నప్పుడు కూడా. టెక్సస్‌లో మనసు మారి తిరిగి ఇస్తే డబ్బు ఇచ్చి తీరాలనే చట్టమేమీ లేదు, అంతా స్టోర్ పెట్టుకున్న పద్ధతే. కాలిఫోర్నియాలో తిరిగి తీసుకోని షాపులు ఆ సంగతి కనిపించేలా బోర్డు పెట్టాలని చట్టం ఉంది, ఇక్కడ అదీ లేదు. అయినా ఇంత సాఫీగా తీసుకుంటున్నారంటే నాకు నిజంగా గౌరవమే. ఒకటి కొంటే రెండోది సగం ధరకు అనే ఆఫర్‌లో కొన్నవాటిలో ఒకటి ఇచ్చేస్తే మాత్రం మనం అనుకున్నంత రాదు, తగ్గింపును రెండింటికీ పంచి లెక్కేస్తారు. అది న్యాయమే, ముందే తెలిసి ఉంటే మంచిది.

ఇక మామయ్యగారి షూస్ సంగతి.

మా అత్తమామలు వేసవిలో వచ్చి మాతో ఉన్నారు. మామయ్యగారికి ఎవరి మీదా ఆధారపడటం నచ్చదు. తెనాలి నుంచి తను మార్చుకుని తెచ్చుకున్న డాలర్లు ఉన్నాయి, వాటితో తన తమ్ముళ్లిద్దరికీ ఏదైనా తీసుకెళ్లాలని ఆయన కోరిక. మా పక్క వీధిలో ఉండే ఇంకో పెద్దాయనతో కలిసి ఆయన కార్లో ఈ స్టోర్‌కు వెళ్లి, ఇద్దరు తమ్ముళ్లకూ మంచి వాకింగ్ షూస్ కొన్నారు, నగదు లెక్కపెట్టి ఇచ్చారు. ఇంటికొచ్చి చూపించినప్పుడు ఆయన సంతోషం చూడాలి. ఫోన్ చేసి ఇద్దరినీ అడిగితే ఒకరు తొమ్మిది అన్నారు, ఇంకొకరు ఎనిమిది అన్నారు, అవే నంబర్లు కొన్నారు. కానీ మన దగ్గర షూస్ మీద వేసేది యూకే నంబరు. మగవాళ్ల షూస్‌లో అక్కడి తొమ్మిది ఇక్కడ పది అవుతుంది. చిన్నమామయ్య పేపర్ మీద పాదం గీసి వాట్సాప్‌లో స్కేలుతో సహా పంపించాక గానీ బయటపడలేదు, రెండు జతలూ బిగుతే.

గడువు ఇంకా బోలెడు ఉంది, షూస్ వేసుకోలేదు, ట్యాగులు ఉన్నాయి, బిల్లు కూడా ఉంది. ఆ బిల్లు ఆ పెద్దాయన కారు డాష్‌బోర్డు మీద ఉండిపోయింది. జులైలో ఇక్కడ ఎండలో నిలిపిన కారు లోపల ఎలా ఉంటుందో చెప్పక్కర్లేదు. ఈ రిసీట్లు సిరాతో అచ్చేసేవి కావు, వేడికి నల్లబడే కాగితం మీద వేడితోనే అచ్చు వేస్తారు. అందుకే ఎండ తగిలేసరికి కాగితమంతా ముదురు బూడిదరంగులోకి తిరిగిపోయింది. బార్‌కోడ్ స్కాన్ కాలేదు. కింద నంబరు చూసి కొడదామంటే అదీ చదవడానికి రాలేదు. కార్డు లేదు కాబట్టి వెతకడానికి ఏమీ లేదు.

కౌంటర్‌లో అమ్మాయి చాలా ప్రయత్నించింది, ఆ మాట ఒప్పుకోవాలి. చివరికి డ్రైవింగ్ లైసెన్స్ అడిగితే నాది ఇచ్చాను. అది స్కాన్ చేశాక స్క్రీన్ మీద వచ్చిన ధర చూసి నాకు నోట మాట రాలేదు. రిసీట్ లేకపోతే ఈ మధ్య ఆ వస్తువు ఎంత తక్కువకు అమ్ముడైందో ఆ ధరే ఇస్తారట, అదీ నగదుగా కాదు, స్టోర్ క్రెడిట్‌గా. ఈలోపు ఆగస్టు వచ్చి ఆ షూస్ క్లియరెన్స్‌లో పెట్టారు. ఆయన ఇచ్చినదాంట్లో సగం కూడా రావట్లేదు. కాలిపోయిన ఆ రిసీట్ ఆమె చేతిలోనే ఉంది, పైన స్టోర్ గుర్తు మసకగా కనిపిస్తూనే ఉంది, అయినా కంప్యూటర్ ఒప్పుకోకపోతే నేనేం చేయలేనని ఆమె అంటుంటే మామయ్యగారు నా వైపు తిరిగి, "వద్దులే అమ్మా, పట్టుకుపోతాను, ఎవరికో ఒకరికి సరిపోతాయి" అన్నారు. ఆయన అలా అన్నందుకే నాకు ఎక్కువ కోపం వచ్చింది. ఇన్నేళ్లూ నాకు అంత మర్యాద చేసిన కౌంటర్, సొంత డబ్బు పెట్టి కొన్న పెద్దాయనకు కార్డు లేదన్న ఒక్క కారణంతో ఆ మర్యాద చేయలేకపోయింది.

అప్పుడు వెనక నుంచి ఒక పెద్దావిడ వచ్చింది, సూపర్‌వైజర్ అనుకుంటాను. విషయం విని, డబ్బు కావాలా, సైజు మారితే చాలా అని అడిగింది. సైజు మారితే చాలన్నాను. అయితే అదే షూ, అదే రంగు, పెద్ద సైజు తెచ్చుకోండి, డబ్బుతో పనిలేదు కాబట్టి రిసీట్ కూడా అక్కర్లేదు అంది. ఇన్నేళ్లలో నాకు ఈ సంగతి తెలియదు. మామయ్యగారే స్వయంగా వెళ్లి వెతికి పదో నంబరు తెచ్చుకున్నారు, తెచ్చి కౌంటర్ మీద పెట్టేటప్పుడు ఆయన ముఖం మళ్లీ మామూలైంది. రెండో జతకు తొమ్మిదో నంబరు దొరకలేదు, క్లియరెన్స్ కదా, ఉన్నవేవో ఉన్నాయి అంతే. ఆ ఎనిమిదో నంబరు జత తెనాలి వెళ్లి మా ఆడపడుచు కొడుకు కాలికి చేరింది.

వెళ్లేముందు ఆవిడ ఇంకో మాట చెప్పింది. నగదు ఇచ్చినా సరే, బిల్లు వేసేముందు ఫోన్ నంబరు కొట్టిస్తే ఆ కొనుగోలు మన ఖాతాలో చేరుతుందట, తర్వాత కాగితం పోయినా అక్కడ ఉంటుంది. మా ఇంట్లో ఇప్పుడు అత్తయ్య, మామయ్య ఇద్దరికీ నా నంబరు కంఠతా వచ్చు. లైసెన్స్ సంగతి కూడా చెప్పింది, రిసీట్ లేకుండా ఇచ్చినవన్నీ ఆ లైసెన్స్ మీద నమోదవుతాయి, ఎక్కువైతే కంప్యూటరే వద్దంటుంది, అప్పుడు తాను వచ్చినా ఏమీ చేయలేదు. దొంగతనం చేసిన సరుకు తెచ్చి డబ్బు చేసుకునేవాళ్ల కోసం పెట్టారని అర్థమవుతూనే ఉంది. అయినా అప్పటి నుంచి బహుమతిగా వచ్చినవి, రిసీట్ లేనివి తీసుకెళ్లాలంటే నాకు కొంచెం టెన్షనే. గిఫ్ట్ రిసీట్ (ధర కనిపించకుండా ఇచ్చే బిల్లు) అడిగి పెట్టమని దగ్గరివాళ్లకు చెప్పేస్తున్నాను, మొదట్లో మొహమాటంగా ఉండేది, ఇప్పుడు లేదు.

కాబట్టి విసుక్కోరు, ఇట్టే తీసుకుంటారు అని పైన నేను రాసినదంతా కార్డుతో కొన్నవాటికి అని చదువుకోండి. మాకు స్టోర్ ఇంటి దగ్గరే, ఇద్దరం కార్డుతోనే కొంటాం, మళ్లీ మళ్లీ వెళ్లే ఓపిక ఉంది, అందుకే మాకింకా ఇదే మంచి చోటు, ఇంకొన్నాళ్లూ ఇక్కడే కొంటాం. మీరు దూరం నుంచి డ్రైవ్ చేసి రావాలన్నా, ఇంట్లో నగదుతో కొనే పెద్దవాళ్లు ఉన్నా, లేదా ఆన్‌లైన్‌లో అదే స్టోర్ పేరు మీద వేరే అమ్మకందారు దగ్గర కొన్నా (వాటి నియమాలు వేరు, కౌంటర్‌లో తీసుకోకపోవచ్చు), నా అంత నమ్మకంగా కొనమని చెప్పలేను. ఇంటికి చుట్టాలు వచ్చినప్పుడు మాత్రం రిసీట్ చేతికి రాగానే ఫోన్‌లో ఒక ఫోటో తీసి పెట్టండి, బార్‌కోడ్ నంబరు స్పష్టంగా పడేలా.