పూల టీపాట్: రాయల్ ఆల్బర్ట్ మేలా, షెల్లీ మేలా?

పాత టీపాట్ చేతికి రాగానే అందరూ పూలు చూస్తారు. నేను ముందు మూత తీసి పక్కన పెట్టి, పాట్‌ను బోర్లిస్తాను. దాని కథ సగం అడుగునే రాసి ఉంటుంది. చాలామంది మోసపోయేదీ అక్కడే.

ఇంగ్లండ్‌లో పాత సామాన్ల దుకాణాలకు, కార్ బూట్ సేల్స్‌కు (కారు డిక్కీలో పాత సామాన్లు తెచ్చి అమ్మే సంతలు) వెళ్లే మనవాళ్లు నన్ను ఎక్కువగా అడిగేది రెండింటి గురించి: రాయల్ ఆల్బర్ట్ ‘ఓల్డ్ కంట్రీ రోజెస్’, షెల్లీ ‘డెయింటీ’. రెండూ ఇంగ్లండ్‌లోని స్టోక్-ఆన్-ట్రెంట్‌లో భాగమైన లాంగ్టన్ పింగాణీ కంపెనీలవే.

ఓల్డ్ కంట్రీ రోజెస్ 1962లో హెరాల్డ్ హోల్డ్‌క్రాఫ్ట్ చేసిన డిజైన్. ఎరుపు, గులాబీ, పసుపు రంగుల్లో విరిసిన రోజాలు, అంచులకు బంగారు పూత. అడుగున 1962 అని కనిపిస్తుంది. అది డిజైన్ హక్కుల సంవత్సరం. అదే అంకెతో దశాబ్దాల పాటు సరుకు వచ్చింది. అది చూసి అరవై ఏళ్ల నాటిదనుకుని ఎక్కువ పెట్టకండి. 2002లో తయారీ ఇండోనేషియాకు వెళ్లింది కనుక, వింటేజ్ అంటూ చూపించిన దాని అడుగున 2002 ఉంటే పక్కన పెట్టేయండి.

షెల్లీలో కూడా ఇదే తిరకాసు. ఆరు మడతల పువ్వులా ఉండే డెయింటీ ఆకారాన్ని 1896లో రౌలండ్ మోరిస్ రూపొందించాడు. అడుగున ఉండే 272101 ఆ ఆకారం రిజిస్ట్రేషన్ నంబరు. అది చూసి పంతొమ్మిదో శతాబ్దపు వస్తువు అనుకుంటారు. కానీ కంపెనీకి షెల్లీ పేరు స్థిరపడింది 1925లో, వేరే కంపెనీ చేతుల్లోకి వెళ్లింది 1966లో. ఆ తర్వాత పాత పద్ధతిలో తయారీ లేదు. అందుకే దొరకడం కష్టం, ధర ఎక్కువ. రాయల్ ఆల్బర్ట్ రోజాలు మాత్రం కోట్ల సంఖ్యలో అమ్ముడయ్యాయి, ఎప్పుడైనా దొరుకుతాయి.

పేరు ఏదైనా, నా లెక్కలో పాట్ ఉన్న స్థితిదే మొదటి స్థానం. మన ఊళ్లో కుండ కొనేటప్పుడు వేలితో తట్టి చూస్తామే, ఇక్కడా అంతే. పిడి దగ్గర పట్టుకోకుండా అరచేతిలో నిలబెట్టి గోటితో మెల్లగా తడితే సన్నగా ఖంగుమనాలి. మొద్దుగా మోగితే ఎక్కడో బీట ఉన్నట్టే. తర్వాత ఫోన్ టార్చ్ లోపల పెట్టండి. మంచి బోన్ చైనా (ఎముకల బూడిద కలిపిన పలచని పింగాణీ) లోంచి వెలుగు పాలమీగడ రంగులో బయటికి వస్తుంది, పగులు ఉంటే వెంట్రుక పడ్డట్టు నల్లగా గీత కనిపిస్తుంది. కొమ్ము చివర బొటనవేలు తిప్పి చూడండి. పెచ్చు లేచేది ముందు అక్కడే. ఒకసారి నేను తొందరపడి ఇది చూడకుండా ఒక షెల్లీ కొన్నాను. ఇంటికొచ్చి టీ పోశాక కొమ్ము మొదట్లో గోధుమరంగు గీత తేలింది. చాలా బాధపడ్డాను. మూత కూడా పాట్‌దేనా కాదా చూడాలి. తెలుపులో తేడా ఉంటే వేరే పాట్‌ది తెచ్చి పెట్టారన్నమాట.

ఇంకో మాట. బోన్ చైనాలో సగం దాకా పశువుల ఎముకల బూడిదే. శాకాహారం నిష్ఠగా పాటించే ఇంటికి కానుకగా ఇచ్చేముందు వాళ్లను అడగండి.

రోజూ వాడుకోవడానికైతే ఇంగ్లండ్‌లో చేసిన రాయల్ ఆల్బర్టే తీసుకుంటాను. పగిలితే మూతో, పాటో మళ్లీ దొరుకుతుంది. దాచుకోవడానికైతే షెల్లీ, అదీ ఒక్క బీట కూడా లేకుంటేనే. బీటలున్న షెల్లీ, చెక్కుచెదరని రాయల్ ఆల్బర్ట్ పక్కపక్కన పెట్టి ఒకే ధర చెబితే, నేను రోజాలే ఎత్తుకొస్తాను. బంగారు పూత కాబట్టి వాటిని మైక్రోవేవ్‌లో పెట్టను, డిష్‌వాషర్‌లో వేయను.