వాడపల్లి శనివారాలు: ఒక లాడ్జీ దోపిడీ, ఒక క్యూ లైను చేసిన మేలు

ముందుగా నా కడుపుమంట చెప్పుకుంటాను. కోనసీమలోని వాడపల్లి వెంకన్నకి ఏడు శనివారాలు మొక్కుకున్నవాళ్లు ఎవరైనా శుక్రవారం రాత్రి రావులపాలెంలో దిగుతుంటే, ఇది చదివాకే గది మాట్లాడుకోండి.

విజయవాడ నుంచి మేం ముగ్గురం వెళ్లాం. అక్క, బావగారు, నేను. అమ్మ సంవత్సరీకం అయ్యాక కూడా అక్క మనిషి కాలేదు. గుడికి కాదు కదా, పక్కింటి పేరంటానికి కూడా కదిలేది కాదు. ఈ మొక్కు బావగారి ఆలోచన. హైవే మీద బస్సు దిగితే వాడపల్లి దగ్గరే కదా అని రావులపాలెంలో ఒక లాడ్జీకి ఫోన్ చేస్తే గది 1,200 అన్నారు. రాత్రి పదింటికి సామాన్లతో వెళ్లి నిలబడితే 2,200 అడిగారు. "శనివారం రేటు వేరండీ, ఉంటే ఉండండి" అన్నాడు కౌంటర్లో కుర్రాడు. ఆ వేళప్పుడు అక్కని తీసుకుని ఎక్కడికి వెళ్తాం? కట్టాం.

దుప్పట్లు చెమ్మగా ఉన్నాయి. వేణ్ణీళ్లు బకెట్టుకి 40 రూపాయలు విడిగా. పొద్దున్న ఆరున్నరకే తలుపు కొట్టి, ఎనిమిదింటికి ఖాళీ చెయ్యాలన్నారు. ఇరవై నాలుగు గంటలని ఫోన్లో చెప్పిన మాట గాల్లో కలిసిపోయింది. అన్నిటికన్నా ఒళ్లు మండిన సంగతి బిల్లు. 2,200 తీసుకుని 1,200కి రాసిచ్చారు. బావగారు గట్టిగా అరిచారు, అక్క ఏడ్చింది. స్వామి దగ్గరికి వెళ్లాల్సిన రోజు అలా తెల్లారింది. దేవుడి కోసం వచ్చేవాళ్ల అవసరాన్ని ఇలా సొమ్ము చేసుకోవడం పాపమని ఇప్పటికీ అంటాను.

రెండో వారం నుంచి రాజమండ్రి మార్చేశాం. స్టేషన్‌కి దగ్గర్లో ముగ్గురికి గది 1,400, గీజరుతో సహా. చెప్పిన రేటే తీసుకున్నారు, సరైన రసీదు ఇచ్చారు. తెల్లవారుజామున పుష్కర ఘాట్‌లో స్నానం చేసి బయల్దేరితే ధవళేశ్వరం మీదుగా దారి. 1852లో కాటన్ దొర ఆనకట్ట పూర్తిచేసిన చోటే ఇప్పటి బ్యారేజీ ఉంది. దాని మీదుగా బొబ్బర్లంక దాటాక పక్కనే కాలవ, కొబ్బరి తోటలు. రావులపాలెం నుంచి వెళ్లేదానికన్నా దూరమే, అయినా మనసు నెమ్మదించి గుడి చేరతాం. నా సలహా ఇదే, రాజమండ్రిలోనే దిగండి.

ఇక గుడి సంగతి. ఆత్రేయపురం మండలంలో, గౌతమీ గోదావరి ఒడ్డున ఉంది. గోదావరిలో కొట్టుకొచ్చిన చందనంలో స్వామి దొరికాడని స్థలపురాణం. మూలవిరాట్టు రాయి కాదు, ఎర్రచందనపు కొయ్య. ఏడు శనివారాలు వరసగా వచ్చి, వచ్చిన ప్రతిసారీ ఏడు ప్రదక్షిణలు చేసి దర్శనం చేసుకోవాలని ఇక్కడి ఆనవాయితీ. శనివారం జనం మామూలుగా ఉండరు. ఉదయం ఆరు లోపు చేరితే నయం. తొమ్మిది దాటితే ఎండ, తోపులాట రెండూ పెరుగుతాయి.

బయట ఒకతను మా దగ్గరికొచ్చి, మనిషికి 400 ఇస్తే అరగంటలో దర్శనం చేయిస్తానన్నాడు. బావగారు జేబులో చెయ్యి పెట్టబోతే అక్కే వద్దంది. ఏడాదిగా ఏది అడిగినా "మీ ఇష్టం" అనే మనిషి! మూడున్నర గంటలు ఉచిత లైన్లోనే నిలబడ్డాం.

ఆ మూడున్నర గంటల గురించే నేను రాయాలనుకున్నది. ప్రదక్షిణల్లో మా ముందు ఒక ముసలమ్మగారు నడుస్తోంది. చీర కొంగున ఏడు చింతగింజలు మూటకట్టుకుంది. ఒక్కో చుట్టు పూర్తికాగానే ముడి వదులు చేసి, ఒక గింజ తీసి ఎడమ గుప్పిట్లోకి మార్చి, మళ్లీ ముడి బిగించి "గోవిందా" అని కదిలేది. వెనక జనం తోస్తున్నా తొందరపడలేదు. అక్క ఆవిడ పక్కనే నడవడం మొదలుపెట్టింది. లైన్లోకి వచ్చాక అమ్మ గురించి ఆవిడతో మాట్లాడింది. ఆసుపత్రిలో ఆఖరి వారం సంగతులు, మాకెవరికీ చెప్పనివి, ఆ తెలియని మనిషికి చెప్పింది. నేను పక్కనే నిలబడి విన్నాను.

ఆ తర్వాతి శుక్రవారం మా వంటింట్లో చింతగింజలు కడుగుతూ కనబడింది అక్క.

వారం వారం వెళ్తే ఏమొస్తుందని మా ఆఫీసులో అడిగారు. ఒక్కసారి వెళ్లొస్తే మొక్కు తీరినట్టు ఉంటుంది, అంతే. ప్రతి శనివారం అదే లైను, అవే చుట్లు, అదే నిరీక్షణ అయ్యేసరికి మనిషిలో పేచీ తగ్గుతుంది. బావగారు సిగ్నల్ దగ్గర కూడా ఆగలేని మనిషి. నాలుగో వారం, కాలు నొప్పెడుతోందన్న ఒక పెద్దాయనని తన ముందుకి రమ్మని, వెనకవాళ్లు గొణిగితే నవ్వి ఊరుకున్నారు. నాకైతే నిద్ర మెరుగైంది. సోమవారం ఆఫీసులో ఎవరైనా విసిగిస్తే, శనివారం ఎంతసేపు ఓపికగా నిలబడ్డానో గుర్తొచ్చి మాట మింగగలుగుతున్నాను. స్వామి ముందు నిలబడేది రెప్పపాటే. అసలు పనంతా బయటే జరుగుతుందని నా నమ్మకం. అందుకే డబ్బుతో ఆ నిరీక్షణని తప్పించుకోకండి. నిలబడలేని పెద్దవాళ్లకి, పసిపిల్లల తల్లులకి మాత్రం ఈ మాట వర్తించదు.

అన్నప్రసాదం తప్పకుండా తినండి. మాకు పులిహోర, కూర, సాంబారు, మజ్జిగ పెట్టారు. వడ్డించే ఆడవాళ్లు అడిగి అడిగి వేశారు. తిరుగుదారిలో ఆత్రేయపురంలో బెల్లం పూతరేకులు, పది ఉన్న డబ్బా 200కి కొన్నాం. గుడి దగ్గర అదే సైజు 260 చెప్పారు. 2023లో భౌగోళిక గుర్తింపు వచ్చిన సరుకది, ఊళ్లోనే చుట్టేవాళ్ల దగ్గర కొనండి. నెయ్యి వాసన తేడా తెలుస్తుంది.

మంచినీళ్ల సీసా, చిన్న విసనకర్ర, కొబ్బరికాయ మీ ఊరి నుంచే తెచ్చుకోండి. ఎండాకాలంలో మొదలుపెట్టొద్దు, చెప్పుల్లేకుండా ఆ నేల మీద నడవడం కష్టం.

మా ఏడు వారాలు పూర్తయ్యాయి. శ్రావణంలో మళ్లీ మొదలుపెడదామని అక్కే అడిగింది. బావగారు రాజమండ్రిలో గది అప్పుడే చెప్పేశారు.