ఫిట్టోనియాతో కారు ట్రిప్: ఏ రూం దానికి పడింది, ఏది పడలేదు

ఫిట్టోనియా అనే చిన్న ఇంటిమొక్క పెంచేవాళ్ళకి ఊరెళ్ళాలంటే ముందు వచ్చే దిగులు, దీన్నెవరు చూస్తారు అనే. స్నేక్ ప్లాంట్ లాంటిదైతే వారాల తరబడి వదిలేసినా కిమ్మనదు, ఇదేమో జానెడు ఎత్తు కూడా ఉండదు, వేర్లు పైపైనే ఉంటాయి, మట్టి పూర్తిగా ఆరిందంటే చాలు పూట తిరక్కుండా ఆకులన్నీ వేలాడేస్తుంది. అందుకని ఈసారి సెలవులకి కారులో లాంగ్ ట్రిప్ వేసుకున్నప్పుడు ఒక కుండీ మాతోనే తీసుకెళ్ళాం, ఒకటి డబ్బు కట్టి నర్సరీలో ఉంచాం, ఒకటి పక్కింటి ఆంటీకి ఇచ్చాం, ఇంకోటి ఇంట్లోనే మూత పెట్టి వదిలేశాం. అన్నీ ఒకే తల్లి మొక్క కొమ్మలే, అవే గులాబీ రంగు ఈనెలు, అదే కోకోపీట్ (కొబ్బరిపీచు పొడి), పెర్లైట్ (తేలికైన తెల్ల గుళికలు) కలిపిన మట్టి, కాబట్టి పోల్చి చూడ్డానికి బాగా కుదిరింది.

ముందు ప్రయాణం సంగతి. బయల్దేరే ముందు రోజే నీళ్ళు పోసి, ఎక్కువైన నీళ్ళు కింద రంధ్రంలోంచి పూర్తిగా కారిపోనిచ్చి, అట్టపెట్టెలో పెట్టి చుట్టూ న్యూస్ పేపర్ ఉండలు కూరాం, కుండీ కదలకుండా. పెట్టె వెనక సీటు ముందు కింద పెట్టాం, అక్కడ ఎండ పడదు, ఏసీ గాలి కూడా నేరుగా తగలదు. డాష్‌బోర్డు మీద అందంగా ఉంటుందని పెట్టేవాళ్ళున్నారు, దయచేసి వద్దు, అద్దంలోంచి పడే ఎండకి ఈ ఆకులు కమిలిపోతాయి. ఇంకో మాట, ఎండలో అద్దాలు మూసి ఆపిన కారు లోపల వేడి 50 డిగ్రీలు దాటుతుంది, దీనికి హాయిగా ఉండేది 18 నుంచి 27 మధ్య, అందుకే భోజనానికి ఆగిన ప్రతిచోటా పెట్టె మాతోపాటే దిగింది. వెయిటర్లు వింతగా చూశారు కానీ ఎక్కడా కాదనలేదు, ఒకచోటైతే వాళ్ళే నీడలో స్టూల్ వేసి దాని మీద పెట్టించారు.

మొదటి బస ఊరి మధ్యలో పెద్ద హోటల్. మనుషులకి బాగుంది, పరుపు బాగుంది, లిఫ్ట్ ఉంది, రూం సర్వీస్ పిలవగానే వచ్చారు. మొక్కకి మాత్రం పడలేదు. కిటికీ తెరుచుకోదు, ఏసీ రాత్రంతా నడుస్తుంది, ఏసీ చల్లబరచడమే కాదు గాల్లో తేమని కూడా లాగేస్తుంది కదా, పొద్దున్న లేచి చూస్తే ఆకులన్నీ కుండీ అంచు మీద వాలిపోయి ఉన్నాయి, మట్టి తేలిగ్గా పొడిగా అయిపోయింది. గోరువెచ్చని నీళ్ళు సాసర్‌లో పోసి కుండీ అందులో పెట్టి కూర్చున్నాం. ఇది లేవడం చూడ్డం నాకు ఎప్పటికీ విసుగురాదు. ముందు సన్నటి నూగున్న కాడలు బిగుస్తాయి, తర్వాత చిగురు దగ్గరి చిన్న ఆకులు పైకి తిరుగుతాయి, కిందున్న పెద్దాకులు చివర్లో ఒక్కోటీ అంచు వదిలి లేస్తాయి, కొన్ని గంటల్లో మళ్ళీ మామూలు మొక్క. రెండు మూడు ఆకుల అంచులు మాత్రం గోధుమరంగుకి తిరిగి అలాగే ఉండిపోయాయి, ఎండిన అంచు మళ్ళీ పచ్చబడదు. బాత్రూంలో పెడదామా అంటే అక్కడ తేమ ఉంది కానీ కిటికీ లేదు, లైటు ఆర్పితే చీకటే. ఒక్క రాత్రికైతే పర్లేదు, రోజుల తరబడి ఉండాల్సి వస్తే ఇలాంటి హోటల్ వద్దనే చెప్తాను.

తర్వాత సముద్రం ఒడ్డున కాటేజీ. గాల్లో తేమకి కొదవ లేదు, ఆకులు నిగనిగలాడాయి. కానీ వరండాలో పెడితే గాలి విసురుకి అల్లాడిపోయింది, లోపల కిటికీకి కాస్త దూరంగా పల్చటి కర్టెన్ వెనక పెట్టాక కుదురుకుంది. కుళాయి నీళ్ళు ఉప్పగా ఉన్నాయి, అవి అస్సలు పోయలేదు, తాగే నీళ్ళే వాడాం. హౌస్‌కీపింగ్ అబ్బాయికి నీళ్ళు పోయొద్దని ఒక్క మాట చెప్తే చివరిదాకా గుర్తుపెట్టుకున్నాడు, ఇలాంటి సర్వీసుకి ఎన్ని మార్కులైనా వేస్తాను.

అన్నిట్లోకీ బాగా పడింది కొండమీద హోంస్టే. గదులు చిన్నవి, వేడినీళ్ళు పొద్దున కాసేపే, నెట్ సరిగ్గా రాదు, అయినా మొక్క ఉన్నవాళ్ళకి నేను మొదట చెప్పేది ఇదే. చెట్ల నీడలోంచి వడగట్టినట్టు వచ్చే వెలుగు, పొద్దున్నే మంచు తేమ. ఫిట్టోనియా సొంతూరు పెరూ, కొలంబియా వైపు వాన అడవులు కదా, అక్కడ పెద్ద చెట్ల కింద నేలమీద పాకుతూ పెరుగుతుంది, ఆ వాతావరణానికి మా ట్రిప్‌లో కాస్త దగ్గరగా వచ్చింది ఇదొక్కటే. రాత్రి చలి ఒక్కటే చూసుకోవాలి, 15 కంటే తగ్గితే దీనికి కష్టం, అందుకని చీకటి పడగానే కిటికీ దగ్గర్నుంచి తీసి గది మధ్య టేబుల్ మీద పెట్టేవాళ్ళం. ఆ ఇంటావిడ దాన్ని చూసి ఇది కనకాంబరం జాతిదా అని అడిగారు, నిజంగానే రెండూ ఒకే కుటుంబం, పూల వెన్ను చూస్తే పోలిక తెలుస్తుంది. ఆవిడకి రెండు కణుపులున్న కొమ్మ ఒకటి తుంచి గ్లాసు నీళ్ళలో పెట్టి ఇచ్చాం, మేం బయల్దేరేలోపే కణుపు దగ్గర తెల్లగా వేరు మొనలు కనిపించాయి.

ఇంటికొచ్చాక మిగతా వాటి సంగతి చూశాం. నర్సరీలో ఉంచినదాని పరిస్థితి బాధేసింది. రోజుకింత అని తీసుకున్నారు, జాగ్రత్తలన్నీ కాగితం మీద రాసి కూడా ఇచ్చాం, కానీ అక్కడ అన్ని కుండీలకీ ఒకేసారి పైపుతో నీళ్ళు కొట్టేస్తారు, దీనికి వేరే లెక్క లేదు. మొదలు దగ్గర కాడలు మెత్తగా నల్లగా అయిపోయాయి, ఆకులు పసుపు. ఇక్కడ కొత్తవాళ్ళు బాగా గమనించాల్సింది ఒకటుంది, నీళ్ళు తక్కువైనా వాలుతుంది, ఎక్కువైనా వాలుతుంది. వేలు పెట్టి చూడాలి, మట్టి పొడిగా ఉంటే దాహం, తడిగా ఉండి వాలిందంటే వేరు కుళ్ళు, అప్పుడు ఇంకా నీళ్ళు పోస్తే చంపేసినట్టే. బాగున్న పైకొమ్మలు కోసి మళ్ళీ నాటాం, కింది భాగం పారేశాం.

పక్కింటి ఆంటీ దగ్గరున్నది చక్కగా ఉంది. ఆవిడకి చెప్పింది ఒక్కటే, రోజూ పోయొద్దు ఆంటీ, పైమట్టి వేలికి ఆరినట్టు తగిలితేనే పోయండి అని. డబ్బు తీసుకునే సర్వీసు కన్నా ఆ ఒక్క మాట వినే మనిషి ఎంతో నయం.

కానీ అన్నిట్లోకీ బాగున్నది ఎవరూ ముట్టుకోనిది. మూతున్న పెద్ద ప్లాస్టిక్ డబ్బాలో కుండీ పెట్టి, మట్టి తడి చేసి, ఎండ పడని వెలుగులో వదిలేశాం. ఆకులు వదిలిన తేమ మూతకి పట్టి మళ్ళీ మట్టిలోకే దిగుతుంది. 1833లో లండన్ డాక్టర్ నథానియల్ వార్డ్ గాజు పెట్టెల్లో మొక్కలు మూసి ఓడలో సిడ్నీ పంపాడు, అన్ని నెలల సముద్ర ప్రయాణం తట్టుకుని అవి ప్రాణాలతో చేరాయి, మన డబ్బా కూడా అదే లెక్కలో పనిచేస్తుంది. మట్టి తడిగా ఉండాలి గానీ అడుగున నీళ్ళు నిలవకూడదు, ఎండిన ఆకు ఒక్కటి కూడా లోపల ఉంచకూడదు, బూజు పడుతుంది. నేరుగా ఎండ తగిలితే లోపల ఉడికిపోతుంది కూడా.

కొండమీద బస దొరికితే తోడు తీసుకెళ్ళండి, లేదంటే డబ్బాయే మేలు. తిరిగొచ్చాక మూత ఒక్కసారిగా తీసేయకండి, ఆ తేమకి అలవాటుపడ్డ ఆకులు బయటి పొడిగాలికి టపీమని వాలిపోతాయి. మొదటి రోజు వేలెడు సందు, మర్నాడు సగం, అలా నాలుగైదు రోజులు తీసుకుంటే సరిపోతుంది.