పాట పేరు చెప్పే యాప్‌లు: తొమ్మిదేళ్ల వాడకం తరువాత

నచ్చిన పాట ఒకటి చెవిన పడి, పేరు తెలిసేలోగా ఆగిపోతే ఆ వెలితి నన్ను రోజుల తరబడి వదలదు. అందుకే తొమ్మిదేళ్లుగా షాజామ్, సౌండ్‌హౌండ్ రెండింటినీ, 2020 చివరి నుంచి వాటితో పాటు గూగుల్‌లోని పాటల వెతుకులాటనూ వాడుతున్నాను. వీటిలో ఏది మేలని అడిగేవారిని నేను ముందు ఒక మాట అడుగుతాను: ఆ పాట ఇప్పుడు మోగుతోందా, లేక మీ మనసులో మాత్రమే ఉందా?

మోగుతున్న పాటను పట్టడంలో షాజామ్‌దే పైచేయి. ఒకసారి జనంతో నిండిన హాలులో, పైకప్పుకు బిగించిన స్పీకరు నుంచి వయొలిన్ వినిపించింది. చుట్టూ మాటలు, మధ్యలో ప్రకటనలు. నేను ఫోను తీసి పైకెత్తేసరికి చివరి ఐదారు సెకన్లే మిగిలాయి. అయినా పేరు వచ్చింది. దీని వెనుక ఉన్న పద్ధతిని సంస్థ వ్యవస్థాపకుల్లో ఒకరైన ఏవరీ వాంగ్ 2003లో ఒక పరిశోధన పత్రంలో వివరించారు. ధ్వనిని కాలం, పౌనఃపున్యాల పటంగా మార్చి, అందులో బలంగా ఉన్న శిఖరాలను మాత్రమే తీసుకుని, వాటిని జంటలుగా కలిపి, ఒక్కో జంటలోని పౌనఃపున్యాలను, వాటి మధ్య ఉన్న కాలవ్యవధిని గుర్తుగా దాస్తారు. గోల ఎంత ఉన్నా ఆ శిఖరాల్లో కొన్నయినా చెక్కుచెదరకుండా మిగులుతాయి కాబట్టి పోలిక కుదురుతుంది. అయితే ఈ బలంలోనే దాని పరిమితి కూడా ఉంది. అది గుర్తుపట్టేది పాటను కాదు, ఆ రికార్డింగును. అదే గాయని అదే పాటను వేదిక మీద పాడుతున్నప్పుడు నేను చాలాసార్లు ప్రయత్నించాను, దాదాపు ప్రతిసారీ నిరాశే ఎదురైంది.

మనసులో మిగిలిన పాటకు దారి వేరు. మిడోమి అనే పాత పేరుతో ఉన్న కాలం నుంచీ కూనిరాగాన్ని గుర్తుపట్టడమే సౌండ్‌హౌండ్ ప్రత్యేకత. గూగుల్ 2020 అక్టోబరులో ఆ పనికి దిగి, 10 నుంచి 15 సెకన్ల కూనిరాగం చాలునని చెప్పింది. ఇక్కడ యాప్ ఎంత ముఖ్యమో మనం పాడే తీరూ అంతే ముఖ్యం. ఒక పాత పాట పల్లవిని గమకాలతో సహా మనసారా పాడితే సంబంధం లేని పేర్లు వచ్చాయి. అదే పల్లవిని సంగతులన్నీ వదిలేసి, లయ తప్పకుండా, సాదాగా తీస్తే మొదటి వరుసలోనే అసలు పాట కనిపించింది. గూగుల్ ప్రతి ఫలితం పక్కన పోలిక ఎంత శాతమో చూపించడం నాకు ఎంతో నచ్చింది. తనకు ఎంతవరకు నమ్మకం ఉందో అది దాచదు. రెండు పాటల్లో ఒకే తాళవాద్యపు ముక్క వాడినప్పుడు, ఒక యాప్ నాకు ఏ సందేహమూ చూపకుండా తప్పు పాట పేరు చెప్పింది. అలాంటి జవాబు కన్నా దొరకలేదని చెప్పడమే మేలు.

ఈ పోటీ మొదలైన చోటు ఇది కాదు. 2002లో బ్రిటన్‌లో షాజామ్ వాడాలంటే 2580కి ఫోను చేసి, పాట వైపు పట్టుకోవాలి. 30 సెకన్లకు కాల్ దానంతట అదే ఆగి, పేరు సందేశంగా వచ్చేది. 2018లో ఆపిల్ ఆ సంస్థ కొనుగోలును పూర్తి చేసింది. ఇప్పుడు ఐఫోను కంట్రోల్ సెంటరులోనే దాని మీట ఉంది. 2017లో వచ్చిన గూగుల్ పిక్సెల్ 2 ఫోను, చుట్టూ మోగే పాటను ఇంటర్నెట్ లేకుండానే, తనలో దాచుకున్న జాబితాతో పోల్చి తెర మీద చూపింది. పాటలను గుర్తుపట్టే సోనీ యాప్ ట్రాక్‌ఐడీ అదే ఏడాది మూతపడింది. ఫోనుతోనే వచ్చే సదుపాయంతో విడిగా దించుకునే యాప్ పోటీ పడటం కష్టం. సౌండ్‌హౌండ్‌ను నేను ఇష్టపడుతూనే, రోజూ తెరవడం మానేయడానికి కారణం అదే.

నాకు నిజంగా బాధ కలిగించింది మాత్రం వేరే సంగతి. ఫోను మార్చినప్పుడు వీటిలో ఒక యాప్‌లో నేను ఏళ్లుగా కూడబెట్టిన పాటల చరిత్ర మొత్తం పోయింది. ఖాతా తెరవకపోతే అది ఆ ఫోనుకే పరిమితమని ఎక్కడా స్పష్టంగా హెచ్చరించలేదు. వందలాది పేర్లలో నాకు ఇప్పుడు గుర్తున్నవి పాతిక కూడా లేవు. కొత్త యాప్‌ను చూసినప్పుడు ఎంత వేగంగా గుర్తుపడుతుందన్నది నేను తరువాత చూస్తాను. చరిత్రను ఫైలుగా బయటకు తీసుకోనిస్తుందా అన్నది ముందు చూస్తాను. కొత్తగా దొరికిన పేర్లను ప్రతి ఆదివారం ఒక మామూలు నోట్సు ఫైలులోకి స్వయంగా ఎక్కిస్తున్నాను, పక్కన ఆ పాట ఎక్కడ విన్నానో కూడా రాసుకుంటూ.