టీవీ బాగుంది, నా గొడవంతా హోమ్ స్క్రీన్‌తోనే

తణుకులో అమ్మ ఉండే ఇంటికి కొన్న 43 అంగుళాల స్మార్ట్ టీవీ గురించి, కొన్నేళ్లు వాడాక రాస్తున్నాను. రిజల్యూషన్ ఎంత, స్పీకర్లు ఎన్ని వాట్లు అన్నవి అందరికీ తెలిసినవే, వాటి జోలికి పోను. నాకు కోపం ఒక్కదాని మీదే: ఆన్ చేయగానే వచ్చే హోమ్ స్క్రీన్. కొన్న కొత్తలో ఆ స్క్రీన్ మేం సర్దుకున్నట్టు ఉండేది. ఇప్పుడు దాన్ని కంపెనీ తనకు కావాల్సినట్టు సర్దుకుంటోంది. మధ్యలో మమ్మల్ని ఎవరూ అడగలేదు. బ్రాండ్ పేరు కావాలనే రాయడం లేదు. మీ ఇంట్లో ఉన్నది వేరే బ్రాండైనా ఇందులో చాలా సంగతులు మీకూ తెలిసినవే అయ్యుంటాయి.

అమ్మకి టీవీతో అవసరం తక్కువ. పొద్దున భక్తి ఛానల్, మధ్యాహ్నం సీరియల్, రాత్రి వార్తలు. అన్నీ సెట్ టాప్ బాక్స్ నుంచే వస్తాయి. అందుకే హోమ్ స్క్రీన్‌లో మొదటి గడిలో సెట్ టాప్ బాక్స్, పక్కన యూట్యూబ్ పెట్టి, మెనూ తెలుగులోకి మార్చి ఇచ్చాను. రిమోట్‌లో మైక్ బటన్ నొక్కి "అన్నమాచార్య కీర్తనలు" అంటే చాలు, వచ్చేసేవి. టైపు చేయడం రాని మనిషికి అదెంత సాయమో దగ్గరుండి చూశాను. ఆ సంతోషంలో పిన్ని వాళ్లకి, పెద్దమ్మ వాళ్లకి ఇదే తీసుకోమని గట్టిగా చెప్పాను. పిన్ని వాళ్లు తీసుకున్నారు కూడా.

తర్వాత అప్‌డేట్లు మొదలయ్యాయి. ఒక్కసారిగా ఏదీ మారలేదు, అందుకే చాలాకాలం పెద్దగా పట్టించుకోలేదు. మొదట పైన సన్నటి పట్టీలో ఏదో సినిమా బొమ్మ వచ్చింది. ఇంకో అప్‌డేట్‌తో ఆ పట్టీ పెద్దదైంది. ఆ తర్వాత స్క్రీన్‌లో సగం అదే. "మీకోసం" అంటూ అమ్మ ఎప్పుడూ చూడని వెబ్ సిరీస్‌లు, వాటిలో కొన్నింటి పోస్టర్లు పెద్దవాళ్లు పదిమంది కూర్చున్న హాల్లో కనబడితే ఇబ్బందిపడే రకం. నేను పెట్టిన మొదటి గడి కిందకి జరిగింది, ఇంకా కిందకి జరిగింది, చివరికి "ఇన్‌పుట్‌లు" అన్న వరుసలోకి పోయింది. రోజూ చూసే ఛానల్ దగ్గరికి వెళ్లాలంటే అమ్మ ఆ పోస్టర్లన్నీ దాటుకుని కిందికి దిగాలి. పొరపాటున ఒక్కసారి ఎక్కువ నొక్కితే ఏదో యాప్ తెరుచుకుని నెలవారీ చందా కట్టమంటుంది. టీవీ కూడా నెమ్మదించింది. బటన్ నొక్కాక కదలడానికి ఎంత టైమ్ పడుతుందంటే, నొక్కలేదేమో అనుకుని అమ్మ మళ్లీ నొక్కుతుంది, అది రెండు గడులు దూకుతుంది.

ఇంతవరకూ చిరాకే. కోపం వచ్చింది శ్రీరామనవమి నాడు.

భద్రాచలం కల్యాణం అమ్మకి టీవీ కార్యక్రమం కాదు. ఆ రోజు తలస్నానం చేసి, పానకం వడపప్పు నైవేద్యం పెట్టి, మిథిలా ప్రాంగణం నుంచి లైవ్ వస్తుంటే టీవీ ముందు పీట వేసుకుని కూర్చుంటుంది. మోకాళ్ల నొప్పులతో ప్రయాణం మానేశాక ఆమెకి ఉన్న భద్రాచలం అదే. పక్కింటి అత్తయ్యగారు, ఎదురింటి పిల్లలు కూడా వస్తారు. సరిగ్గా మధ్యాహ్నం 12 గంటలకి అభిజిత్ లగ్నంలో జీలకర్ర బెల్లం పెడతారు. ఆ క్షణం చూడాలి. తర్వాత రీప్లే ఉంటుంది కదా అంటే అర్థం లేదు.

ఆ ఏడు అమ్మ పదకొండున్నర దాటాక టీవీ ఆన్ చేసింది. అప్‌డేట్ అవుతోంది, ఆఫ్ చేయొద్దు అని వచ్చింది. రాత్రి స్టాండ్‌బైలో ఉండగానే ఏదో డౌన్‌లోడ్ అయి, ఆన్ చేసేవరకు కాచుకుని ఉంది. పర్సెంటేజీ నెమ్మదిగా కదిలింది. అది అయ్యాక టీవీ తనంతట తానే ఆగి మళ్లీ మొదలై, ఒక తెల్లటి పేజీ చూపించింది. నిండా ఇంగ్లీషు. కింద ఒకే బటన్. మెనూ మొత్తం తెలుగులో ఉన్న టీవీ, అసలు చదవాల్సిన పేజీ మాత్రం ఇంగ్లీషులో పెట్టింది.

అమ్మ నాకు ఫోన్ చేసింది. బ్యాంకు మోసాల వార్తలు విని, అర్థం కానిది ఏదీ నొక్కొద్దని ఇంట్లో అందరం ఆమెకి పదేపదే చెప్పి ఉన్నాం. ఆమె నొక్కలేదు. వీడియో కాల్‌లో ఫోన్‌ని టీవీ వైపు తిప్పమన్నాను. చేయి వణుకుతుంటే హైదరాబాద్‌లో కూర్చుని ఆ అక్షరాలు చదివాను. నిబంధనలు మారాయి, ఒప్పుకుంటేనే ముందుకు వెళ్లగలరు. ఇంకా కిందకి వెళితే, టీవీలో ఏం చూస్తున్నారో ఆ సమాచారం తీసుకుని "సంబంధిత ప్రకటనలు" చూపించడానికి అనుమతి. అక్కడ టిక్ ముందే పెట్టి ఉంది. ఆ టిక్ తీయించడానికి రిమోట్‌లో ఏ బటన్ ఎటు నొక్కాలో చెబుతుంటే, అమ్మ ఒకటే అడిగింది: "మనింట్లో మన టీవీ పెట్టుకోడానికి వాళ్లకి నేనేం ఒప్పుకోవాలే?"

నా దగ్గర జవాబు లేదు. చివరికి ఆ టిక్ అలాగే వదిలేసి ఒప్పుకోమన్నాను, టైమ్ అయిపోతోందని. హోమ్ స్క్రీన్ వచ్చింది, సగం స్క్రీన్ ఒక సిరీస్ ట్రైలర్, దానంతట అదే సౌండ్‌తో మొదలైంది. ఇన్‌పుట్‌ల వరుస మళ్లీ చోటు మారింది. అది వెతికి పట్టుకుని సెట్ టాప్ బాక్స్‌కి వచ్చేసరికి మాంగల్యధారణ అయిపోయింది, తలంబ్రాలు పోస్తున్నారు. అమ్మ ఏమీ అనలేదు, దండం పెట్టుకుంది. ఆ మౌనం చూసి నాకు వచ్చిన కోపం ఇప్పటికీ తగ్గలేదు.

కస్టమర్ కేర్‌కి ఫోన్ చేస్తే మర్యాదగానే మాట్లాడారు. ప్రకటనలు తీసేసే ఆప్షన్ లేదన్నారు. ఫ్యాక్టరీ రీసెట్ చేయమన్నారు. రీసెట్ చేస్తే అదే తెల్ల పేజీ మళ్లీ వచ్చింది.

అప్పటి నుంచి టీవీ కంపెనీల వార్తలు వేరేగా చదువుతున్నాను. ప్రతి జనవరిలో లాస్ వేగాస్‌లో సీఈఎస్ అనే ఎలక్ట్రానిక్స్ ప్రదర్శన జరుగుతుంది, మన పేపర్లలోనూ ఏఐ టీవీలు వచ్చేస్తున్నాయని వార్తలు వస్తాయి. ఆ టీవీ అమ్మాక కంపెనీకి డబ్బు ఎక్కడి నుంచి వస్తుందన్న ప్రశ్న వాటిలో చాలావరకు ఉండదు. అమెరికాలో విజియో అనే టీవీ కంపెనీ 2021లో ప్రకటించిన ఒక త్రైమాసిక లెక్కల్లో, టీవీలు అమ్మితే వచ్చిన స్థూల లాభం కంటే ప్రకటనలు, డేటా విభాగం నుంచి వచ్చిన లాభం రెట్టింపు దాటింది. అదే కంపెనీ వినియోగదారుల అనుమతి లేకుండా 1.1 కోట్ల టీవీల్లో ఏం చూస్తున్నారో సేకరించిందన్న ఆరోపణ మీద 2017లో 22 లక్షల డాలర్లు కట్టి కేసు పరిష్కరించుకుంది. తర్వాత దాన్ని వాల్‌మార్ట్ 230 కోట్ల డాలర్లకు కొనుక్కుంది, 2024 డిసెంబరులో ఆ కొనుగోలు పూర్తయింది. కిరాణా, బట్టలు అమ్మే సంస్థకి టీవీ కంపెనీ ఎందుకో ఆలోచిస్తే మా హోమ్ స్క్రీన్ ఎందుకు అలా మారిందో తెలుస్తుంది. టీవీ ధర తగ్గిందని మనం సంబరపడ్డ చోటే, మిగతా డబ్బు మన హాల్లోంచి నెలనెలా రాబట్టుకునే ఏర్పాటు ఉంది.

మనం ఏం చూస్తున్నామో ఇలా సేకరించే పద్ధతికి ఏసీఆర్ (ఆటోమేటిక్ కంటెంట్ రికగ్నిషన్) అని పేరు. స్క్రీన్ మీద ఉన్న దృశ్యం నుంచి, లేదా శబ్దం నుంచి చిన్న గుర్తులు తీసి సర్వర్‌కి పంపి, అక్కడ ఉన్న కార్యక్రమాల గుర్తులతో పోల్చి మీరేం చూస్తున్నారో కనిపెడతారు. యాప్‌లు వాడకపోతే నాకేంటి అనుకోవడానికి లేదు. 2024లో విశ్వవిద్యాలయ పరిశోధకులు అమెరికా, బ్రిటన్‌లలో శాంసంగ్, ఎల్‌జీ టీవీలను పరీక్షిస్తే, హెచ్‌డీఎంఐ ద్వారా బయటి పరికరం తగిలించి చూస్తున్నప్పుడు కూడా ఏసీఆర్ పనిచేస్తూనే ఉంది. ఇంకో సంగతి. 2024 మార్చిలో స్ట్రీమింగ్ పరికరాలు, టీవీలు అమ్మే రోకు కంపెనీ కొత్త నిబంధనలకు ఒప్పుకునేదాకా టీవీ ముందుకు వెళ్లనివ్వలేదని అమెరికాలో పెద్ద గొడవైంది. అది చదివినప్పుడు నాకు అమ్మ అడిగిన ప్రశ్నే గుర్తొచ్చింది. అదే ఏడాది ఎల్‌జీ స్క్రీన్‌సేవర్‌లోనూ ప్రకటనలు తెచ్చింది. 2025 డిసెంబరులో టెక్సాస్ రాష్ట్రం సోనీ, శాంసంగ్, ఎల్‌జీ, హైసెన్స్, టీసీఎల్ మీద ఏసీఆర్ విషయంలోనే కేసులు వేసింది.

మన దగ్గర 2025 ఏప్రిల్‌లో, మార్కెట్లో పోటీ సరిగ్గా ఉందా అని చూసే కాంపిటిషన్ కమిషన్ ముందు, తన టీవీ సాఫ్ట్‌వేర్ ఆండ్రాయిడ్ టీవీ మీద ఉన్న కేసును గూగుల్ 20.24 కోట్ల రూపాయలు కట్టి సెటిల్ చేసుకుంది. ఇకపై ఇండియాలో టీవీ తయారీదారులు గూగుల్ యాప్‌ల మూట మొత్తం తీసుకోకుండా ప్లే స్టోర్‌కి విడిగా లైసెన్స్ తీసుకోవచ్చు. అప్పుడు పెద్ద విజయం అన్నట్టు రాశారు. తయారీదారుడికి మేలే. కానీ అమ్మ స్క్రీన్ మీద ఎవరి పోస్టర్ ఉండాలన్నది అమ్మ నిర్ణయించుకునే రోజు దానివల్ల రాదు. నాకు కొంచెం ఆశ కలిగించింది 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం. దాని ప్రకారం అనుమతి అడిగే నోటీసును ఇంగ్లీషులో గానీ రాజ్యాంగం 8వ షెడ్యూల్‌లోని ఏ భాషలో గానీ చదువుకునే వీలు ఇవ్వాలి. తెలుగు అందులో ఉంది. రూల్స్ 2025 నవంబరులో వచ్చాయి, కంపెనీలు పాటించాల్సిన ముఖ్యమైనవాటికి 18 నెలల గడువు ఇచ్చారు. గడువు తర్వాత ఆ తెల్ల పేజీ తెలుగులో వస్తుందో లేదో చూస్తాను.

ఇక మా ఇంట్లో ఏం చేశామంటే, తణుకు వెళ్లినప్పుడు టీవీని మళ్లీ రీసెట్ చేసి, వైఫై అడిగిన దగ్గర "స్కిప్" నొక్కాను. అంతే. ఇంకేం జరుగుతుందో అన్న టెన్షన్‌తోనే చేశాను, మొరాయిస్తుందేమో అనుకున్నాను. మొరాయించలేదు. ఆ ఒప్పందం పేజీ రాలేదు. పోస్టర్లు లేవు, ఖాళీ స్క్రీన్ మీద ఇన్‌పుట్‌ల వరుస ఒక్కటే. సెట్టింగ్స్‌లో వెతికితే ఆన్ చేయగానే చివరిసారి చూసిన ఇన్‌పుట్‌కే వెళ్లే ఆప్షన్ దొరికింది, అది పెట్టాను. ఇప్పుడు అమ్మ పవర్ బటన్ నొక్కితే నేరుగా ఛానల్. నెమ్మదించింది, ముసలిదైంది అనుకున్న టీవీ కొన్న రోజంత చురుగ్గా కదులుతోంది. ఇన్నాళ్లూ దాన్ని మందగింపజేసింది ఆ పోస్టర్ల బరువేనని నాకు గట్టి నమ్మకం. ఆ తర్వాతి నవమికి జీలకర్ర బెల్లం సమయానికి చూసింది.

దీనికి కట్టిన ధర కూడా చెప్పాలి. నేను అందరికీ పొగిడి చెప్పిన తెలుగు వాయిస్ సెర్చ్ ఇప్పుడు లేదు, అది నెట్ ఉంటేనే పనిచేస్తుంది. అమ్మ కీర్తనలు ఫోన్‌లో చిన్న స్క్రీన్ మీద వింటోంది, టీవీలో బాగుండేదని అప్పుడప్పుడు అంటుంది. అప్‌డేట్లు ఆగాయి కాబట్టి భద్రతా లోపాలు సరిదిద్దేవి కూడా రావు, నెట్‌కి తగలని టీవీకి ఆ భయం తక్కువే అనుకుంటున్నాను. బొమ్మ గురించి కూడా అప్పుడు చాలా బాగుందన్నాను. రాత్రిపూట ఇప్పటికీ బాగుంటుంది. పగలు హాల్లో కిటికీ తెరిస్తే చీకటి సీన్లలో మొహాలు కనబడవు.

పిన్ని వాళ్లకి ఈ పద్ధతి చెబితే కుదరదన్నారు. వాళ్లింట్లో మనవలకి యూట్యూబ్ లేకపోతే అన్నం దిగదు. టీవీకి నెట్ ఇవ్వకుండా, యూట్యూబ్ లాంటి యాప్‌లు నడిపే స్ట్రీమింగ్ స్టిక్ ఒకటి విడిగా తగిలించుకోమన్నాను. దానిలోనూ ప్రకటనలు ఉంటాయి, కానీ నచ్చకపోతే పీకేసి వేరేది పెట్టుకోవచ్చు, టీవీ మొత్తం మార్చక్కర్లేదు. డల్లాస్‌లో ఉండే తమ్ముడికి ఇదీ కుదరలేదు. అక్కడ వాళ్లకి తెలుగు ఛానళ్లన్నీ నెట్ మీద యాప్‌లోనే వస్తాయి, వైఫై తీసేస్తే తెలుగే పోతుంది. వాడు సెట్టింగ్స్‌లో ప్రైవసీ కింద ఏసీఆర్ ఆప్షన్ వెతికి ఆపేశాడు, ఒక అప్‌డేట్ తర్వాత అది మళ్లీ ఆన్ అయి ఉందేమో చూసుకుంటూ ఉంటాడు.

కాబట్టి ఈ టీవీ కొనొచ్చా అంటే, సెట్ టాప్ బాక్స్ ఉండి, ఛానళ్లు మాత్రమే చూసే పెద్దవాళ్ల ఇంటికైతే కొనొచ్చు, మొదటి రోజే వైఫై స్కిప్ చేసి. కొనేముందు షాపులో రెండు విషయాలు చేయించి చూడండి: నెట్ లేకుండా సెటప్ పూర్తవుతుందా, ఆన్ చేయగానే ఇన్‌పుట్‌కి వెళ్లే ఆప్షన్ ఉందా. డెమో ముక్క చూపించి పంపించేస్తుంటే ఆగి అడగండి. యాప్‌ల కోసమే కొనేవాళ్లకి మాత్రం నేను ఈ మోడల్ చెప్పను, వేరే ఏ మోడల్ చెప్పాలో కూడా ఇప్పటికైతే నాకు తేలలేదు.