క్వీన్ కడసారి వీడ్కోలు: ‘ఇన్యుయెండో’ మేలా, ‘మేడ్ ఇన్ హెవెన్’ మేలా?

మా పిన్ని కూతురు ఈ మధ్యే ‘బొహీమియన్ రాప్సొడీ’ సినిమా చూసింది, బ్రిటిష్ రాక్ బ్యాండు క్వీన్, దాని గాయకుడు ఫ్రెడ్డీ మెర్క్యురీ కథ అది. చూసిన రాత్రే పదకొండింటికి ఫోన్ చేసింది. “అన్నయ్యా, సినిమాని 1985 లైవ్ ఎయిడ్ కచేరీ దగ్గరే ఆపేశారు. ఫ్రెడ్డీ ఆ తర్వాత ఆరేళ్ళు బతికాడట కదా! మరి చివరగా ఏం పాడాడు? ఒకరు ఇన్యుయెండో ఆల్బమ్ అంటున్నారు, ఇంకొకరు మేడ్ ఇన్ హెవెన్ అంటున్నారు. ఏది వినమంటావు?” అంది.

అప్పటికి ఏదో చెప్పి పెట్టేశాను గానీ ఆ రాత్రి నాకు సరిగ్గా నిద్ర పట్టలేదు. పాతికేళ్ళ నుంచీ ఈ రెండూ వింటున్నాను. ఒకదాని క్యాసెట్ టేపు రెండుసార్లు తెగితే గోళ్ళ రంగు పూసి అతికించుకున్నాను. అయినా రెండింట్లో ఏది మేలని ఎవరూ నన్ను సూటిగా అడగలేదు. అందుకే తీరిగ్గా కూర్చుని రాస్తున్నాను.

ముందు లెక్క చూద్దాం. ‘ఇన్యుయెండో’ 1991 ఫిబ్రవరి 4న బ్రిటన్‌లో విడుదలైంది. క్వీన్‌కి అది 14వ స్టూడియో ఆల్బమ్, ఫ్రెడ్డీ మెర్క్యురీ బతికుండగా వచ్చినవాటిలో ఆఖరిది. అదే ఏడాది నవంబరు 23న తనకు ఎయిడ్స్ ఉందని ఆయన ప్రకటించాడు. మర్నాడే, 24న, లండన్‌లోని తన ఇంట్లో కన్నుమూశాడు. అప్పటికి వయసు 45. నాలుగేళ్ళ తర్వాత, 1995 నవంబరు 6న, మిగిలిన ముగ్గురూ ‘మేడ్ ఇన్ హెవెన్’ తెచ్చారు. ఆయన వదిలి వెళ్ళిన గొంతుని, పాత రికార్డింగుల్ని తీసుకుని, చుట్టూ సంగీతం కట్టి పూర్తి చేసిన ఆల్బమ్ అది. రెండూ బ్రిటన్‌లో మొదటి స్థానానికి వెళ్ళాయి. కాబట్టి అమ్మకాలు, చార్టులు చూసి తేల్చే విషయం కాదిది.

నా మటుకు అసలు తేడా అభిమాని చెవి దగ్గరుంది. ఇన్యుయెండోని జనం రెండుసార్లు విన్నారు: తెలియక ముందు ఒకసారి, తెలిశాక ఒకసారి. ఫ్రెడ్డీకి 1987లోనే జబ్బు సంగతి తెలుసు. బ్యాండు మిత్రులు మాత్రం బయటికి పొక్కనివ్వలేదు. పత్రికలవాళ్ళు ఇంటి గేటు దగ్గర కాపలా కాసినా బాగానే ఉన్నాడనే చెప్పారు. అలా 1991 ఫిబ్రవరిలో రికార్డు కొనుక్కెళ్ళినవాడికి అది మామూలు కొత్త ఆల్బమే. ఆరున్నర నిమిషాల టైటిల్ పాట, మధ్యలో యెస్ బ్యాండు గిటారిస్టు స్టీవ్ హౌ వాయించిన స్పానిష్ గిటార్, పెంపుడు పిల్లి మీద ‘డిలైలా’ అనే సరదా పాట. ‘ఐయామ్ గోయింగ్ స్లైట్లీ మ్యాడ్’ వీడియోలో ఆయన మొహానికి తెల్లగా మందంగా రంగు పూసుకుని, విగ్గు పెట్టుకుని కనిపిస్తే అదీ ఆయన చిలిపితనమే అనుకున్నారు. చిక్కిపోయిన మొహాన్ని దాచడానికే ఆ రంగంతా అని తర్వాత తెలిసింది.

నవంబరు 24 తర్వాత అదే రికార్డు తీసి మళ్ళీ పెడితే ఒక్క పాట కూడా పాతగా వినిపించలేదు. ‘ది షో మస్ట్ గో ఆన్’ ఆల్బమ్‌లో ఆఖరి పాట. ఎక్కువ భాగం రాసింది బ్యాండు గిటారిస్టు బ్రయన్ మే. అంత పై స్థాయిలో పాడే ఓపిక ఫ్రెడ్డీకి ఉందో లేదో అని తాను సందేహించాననీ, ఆయన మాత్రం ఓ గుక్క వోడ్కా తాగి నిలబడి పాడేశాడనీ బ్రయన్ చాలాసార్లు చెప్పాడు. అది సింగిల్‌గా, అంటే విడి పాటగా, 1991 అక్టోబరులో, ఆయన చనిపోవడానికి ఆరు వారాల ముందు, వచ్చింది. వీడియోకి ఆయన నటించే స్థితిలో లేడు కాబట్టి పాత దృశ్యాలే అతికించారు. అప్పుడైనా అనుమానం రాలేదా అని ఇప్పుడు మనకు అనిపిస్తుంది. ఇష్టమైనవాళ్ళ విషయంలో మనసు చెడు అనుకోవడానికి ఒప్పుకోదు.

ఇక ‘దీజ్ ఆర్ ది డేస్ ఆఫ్ అవర్ లైవ్స్’. ఈ పాట మీదే నేను కాసేపు ఆగాలి. ప్రధానంగా డ్రమ్మర్ రోజర్ టేలర్ రాసింది. 1991 మే నెలాఖరులో వీడియో తీశారు, నలుపు తెలుపులో. కెమెరా ముందు ఫ్రెడ్డీ నిలబడడం అదే ఆఖరు. మా చెల్లికి కూడా ముందు ఇదే చూడమన్నాను. ఆయన వేసుకున్న వెయిస్ట్‌కోటు మీద పిల్లుల బొమ్మలుంటాయి. పెద్దగా కదలడు. ఒకప్పుడు వెంబ్లీ స్టేడియం అంతా పరుగెత్తిన మనిషి ఉన్నచోటే ఉండి, చేతులు మాత్రం నెమ్మదిగా ఆడిస్తాడు. పాట అయిపోతుందనగా సూటిగా కెమెరా వైపు చూసి చిన్నగా నవ్వుతాడు. తర్వాత, ఇప్పటికీ మీరంటే ప్రేమే అన్న ఆ ఆఖరి మాట పాడడు, గొంతు తగ్గించి చెప్పినట్టు అంటాడు. మన ఇళ్ళల్లో గడప దాటేవాళ్ళు ‘వెళ్తున్నా’ అనరు, ‘వెళ్ళొస్తా’ అంటారు. ఆ నవ్వు చూసిన ప్రతిసారీ నాకు ఆ మాటే గుర్తొస్తుంది.

బ్రిటన్‌లో ఆ పాట సింగిల్‌గా వచ్చింది ఆయన పోయాకే, 1991 డిసెంబరులో, తమ పాత పాట ‘బొహీమియన్ రాప్సొడీ’తో కలిపి. క్రిస్మస్‌కి నంబర్ వన్ అయింది. వచ్చిన డబ్బు ఎయిడ్స్ రోగుల కోసం పనిచేసే టెరెన్స్ హిగిన్స్ ట్రస్టుకి ఇచ్చారు.

‘మేడ్ ఇన్ హెవెన్’కి ఈ రెండు విడతల అనుభవం లేదు. కొనేవాడికి మొదటి రోజు నుంచే తెలుసు, పాడుతున్న మనిషి లేడని. అట్ట మీద జెనీవా సరస్సు, ఒడ్డున చెయ్యెత్తి నిలబడ్డ ఫ్రెడ్డీ విగ్రహం నీడ. వెనక అట్ట మీద మిగిలిన ముగ్గురూ దూరంగా కొండల వైపు చూస్తుంటారు. పోయినవాడి ఫొటో ఉన్న గదిలోకి అడుగు పెట్టినట్టుంటుంది.

లోపలున్న సరుకు మాత్రం ఒక ఎత్తున లేదు. ఇది ఒప్పుకోవాలి. టైటిల్ పాట, ‘ఐ వాజ్ బార్న్ టు లవ్ యూ’ 1985లో ఫ్రెడ్డీ సొంతంగా చేసిన ‘మిస్టర్ బ్యాడ్ గై’ ఆల్బమ్‌లోవి. ఆ గొంతు ఉంచి కొత్త వాయిద్యాలు చేర్చారు. ‘హెవెన్ ఫర్ ఎవ్రీవన్’ రోజర్ తన ఇంకో బ్యాండుతో అంతకుముందే చేసిన పాట. ‘టూ మచ్ లవ్ విల్ కిల్ యూ’ ‘ది మిరకిల్’ ఆల్బమ్ రోజుల్లో పాడించి పక్కన పెట్టింది. అంటే ఇందులో చాలా పాటలు వీడ్కోలు కోసం పుట్టినవి కావు, మనమే అలా వింటున్నాం. సీడీలో చివరన ఇరవై రెండు నిమిషాలు దాటి సాగే పేరులేని సంగీతం ఒకటుంది. చాలామంది దాన్ని ధ్యానంలా వింటారు. నాకు మాత్రం అంతసేపు మనసు నిలవలేదు.

అయినా ఈ ఆల్బమ్‌ని తీసి పక్కన పెట్టలేను. కారణం రెండే పాటలు. ‘ఎ వింటర్స్ టేల్’ ఫ్రెడ్డీ రాసిన చివరి పాట. స్విట్జర్లాండ్‌లోని మాంత్రోలో ఉన్నప్పుడు ఎదురుగా కనిపించే సరస్సు, మంచు కొండలు, పక్షులు చూసి రాసుకున్నాడు. అందులో చావు గురించి ఒక్క ముక్క కూడా లేదు. కిటికీ దగ్గర కూర్చున్న మనిషి బయట ఎంత బాగుందో అని ఆశ్చర్యపడుతూ ఉంటాడు, అంతే. మా నాన్న చివరి రోజుల్లో వరండాలో వాలుకుర్చీలో కూర్చుని ఎదురింటి జామచెట్టు మీది చిలకల్ని చూస్తూ పొద్దంతా గడిపేవారు. అప్పటి నుంచి ఈ పాట మొదలైతే నాకు జామచెట్టే కనిపిస్తుంది.

రెండోది ‘మదర్ లవ్’. ఫ్రెడ్డీ, బ్రయన్ కలిసి రాశారు. 1991 మేలో రికార్డు చేశారు. ఫ్రెడ్డీ గొంతు రికార్డు కావడం అదే ఆఖరు. అప్పటికి వాద్యాలన్నీ సిద్ధంగా లేవు. డ్రమ్ మెషీన్ తాళం మీదే పాడాడు, మిగతాది మీరు తర్వాత పూర్తి చేసుకోండి అన్న ధోరణిలో. ఒక్కో చరణం రాసివ్వడం, వెంటనే పాడేయడం. చివరి చరణం మిగిలి ఉండగా కాసేపు పడుకుని వస్తానని వెళ్ళాడని బ్రయన్ చెప్పాడు. మళ్ళీ రాలేదు. ఆ చరణం బ్రయనే పాడాడు. అలసిపోయిన ఒక మనిషి తల్లి దగ్గరికి వెళ్ళిపోవాలని ఉందనే పాట అది. చివర్లో 1986 వెంబ్లీ కచేరీలో ఆయన జనంతో పలికించిన కేకలు గాల్లో తేలుతూ వస్తాయి, ఆ తర్వాత పసిబిడ్డ ఏడుపు. ఆయన తల్లి జెర్ బుల్సారా 2016 దాకా బతికారు. ఎనిమిదేళ్ళ కొడుకుని జాంజిబార్ నుంచి చదువు కోసం మన పంచ్‌గని పంపిన తల్లి ఈ పాట విన్నప్పుడు ఎలా తట్టుకున్నారోనని నాకు చాలాసార్లు అనిపించింది.

ఇలాంటి చిక్కే బీటిల్స్ అభిమానులకీ ఉంది. ‘లెట్ ఇట్ బి’ 1970లో వచ్చినా అందులో ఎక్కువ భాగం 1969 జనవరిలోనే రికార్డయింది. నలుగురూ కలిసి ఆఖరున కూర్చుని చేసింది అంతకుముందే విడుదలైన ‘అబ్బే రోడ్’. అక్కడ నేను తడుముకోకుండా అబ్బే రోడ్ అంటాను. ఎందుకంటే ‘లెట్ ఇట్ బి’లో ఆ నలుగురి మధ్య తగవుల వాసన తగులుతూనే ఉంటుంది. క్వీన్ విషయంలో అంత తేలిక కాదు. ఇక్కడ రెండు ఆల్బమ్‌ల వెనకా ప్రేమే ఉంది.

సరే, ఏదో ఒకటే అంటే? ఇన్యుయెండో. ఇది నా గట్టి అభిప్రాయం. వెనక కథ ఏమీ తెలియనివాడు విన్నా నిలబడే ఆల్బమ్ అది. తెలిసినవాడికి రెట్టింపు ఇస్తుంది. తన వీడ్కోలు తానే దిద్దుకున్నాడు, ఎవరి జాలీ అడగలేదు. అప్పటికి పాటలన్నిటికీ ఎవరు రాసినా నలుగురి పేరే వేసుకునేవాళ్ళు. ఆ కలివిడి ప్రతి పాటలోనూ వినిపిస్తుంది. ‘బిజూ’లో బ్రయన్ గిటారే చరణాలు పాడినట్టుంటుంది, ఫ్రెడ్డీ మధ్యలో కాసేపే పాడతాడు. అంత నమ్మకంగా గొంతు అప్పజెప్పడం నేను ఇంకెక్కడా వినలేదు.

కానీ ఈమధ్య ఇంట్లో ఎవరైనా పోయి ఉంటే, చివరి చూపు దక్కలేదన్న బాధ గుండెలో ఉంటే, నేను ‘మేడ్ ఇన్ హెవెన్’ చేతిలో పెడతాను. అది వెళ్ళిపోయినవాడి రికార్డు కంటే మిగిలిపోయినవాళ్ళ రికార్డు. సగం కట్టి ఆపేసిన ఇంటిని అన్నదమ్ములు పూర్తి చేసి అన్న పేరే పెట్టినట్టు. ఆ పని రెండేళ్ళకు పైగా పట్టింది. దాని తర్వాత రెండేళ్ళకే బేస్ గిటారిస్టు జాన్ డీకన్ సంగీతం నుంచి పూర్తిగా తప్పుకున్నాడు.

నిన్న మళ్ళీ చెల్లి ఫోన్ చేసింది. ఇన్యుయెండో రెండుసార్లు వినేసిందట, రెండోది పెట్టనా అంది. ఓ నాలుగు రోజులు ఆగమన్నాను. ఆ తర్వాత ఇంట్లో అందరూ పడుకున్నాక, ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని ‘మదర్ లవ్’ వినమన్నాను. “చివరి చరణం దగ్గర గొంతు మారుతుందమ్మా. అక్కడ ఆపి నాకు ఫోన్ చెయ్యి, ఎంత రాత్రైనా ఫరవాలేదు” అన్నాను.