పాలమూరు ఎండల్లో ఆవిరి ఇంజన్: ఆరేళ్ల తర్వాత

మహబూబ్‌నగర్‌లో మా పెరట్లో వేపచెట్టు చుట్టూ 18 మీటర్ల పట్టా ఉంది. దాని మీద ఆరేళ్లుగా ఒక చిన్న మోడల్ రైలింజన్ తిరుగుతోంది. కరెంటు లేదు, బ్యాటరీ లేదు. గ్యాస్ మంటకు నీళ్లు కాగి, నిజంగా ఆవిరితోనే నడుస్తుంది. పట్టాల మధ్య దూరం 45 మిల్లీమీటర్లు, అంటే మీటరు వెడల్పున్న అసలు పట్టా (మీటర్ గేజ్) 22.5 వంతులు చిన్నదైతే వచ్చే కొలత, 1:22.5 స్కేల్. సికింద్రాబాద్ నుంచి మా ఊరి మీదుగా ద్రోణాచలం పోయే లైను ఒకప్పుడు మీటర్ గేజే. మా నాయిన చిన్నప్పుడు చూసినవి ఆ బొగ్గు ఇంజన్లే. అందుకే ఈ సైజు తీసుకున్నాను.

ఇంజన్ మీద నాకు ఒక్క కంప్లైంటు కూడా లేదు. నన్ను సతాయించినవి నీళ్లు, ఎండ.

మా బోరు నీళ్లు కాచే గిన్నెకు వారం తిరక్కుండా తెల్లటి పొర కడుతుంది. ఇంత చిన్న బాయిలర్ లోపల ఆ పొర పేరుకుంటే గీకడానికి పుల్ల కూడా దూరదు. మొదటి ఏడాది బ్యాటరీ నీళ్లు పోశాను. లవణాలన్నీ తీసేసిన నీళ్లు ఇత్తడి భాగాలకు అంత మంచివి కావని తర్వాత తెలిసింది. ఇప్పుడు వాన నీళ్లే. మొదటి రెండు వానలు వదిలేసి, మూడో వాన నుంచి డాబా మీద స్టీలు బిందె పెట్టి పట్టుకుంటాను. గుడ్డలో వడగట్టి క్యాన్లలో దాస్తాను. బాయిలర్ నిండా పోశాక సిరంజితో 30 మిల్లీలీటర్లు వెనక్కి లాగాలి, ఆవిరికి చోటు కావాలి కదా.

ఇంజన్‌లో మంటకు వాడేది బ్యూటేన్ గ్యాస్. చలి దేశాల్లో ఆ గ్యాస్ ట్యాంకు చల్లబడి మంట నీరసిస్తే గోరువెచ్చని నీళ్లతో వేడి చేస్తారు. మా దగ్గర అంతా ఉల్టా. ఏప్రిల్‌లో ట్యాంకు వేడిగా ఉంటే గ్యాస్ సగమే ఎక్కుతుంది. మంట మాత్రం హోరుమంటుంది, ఆవిరి ఒత్తిడి 40 పీఎస్ఐ దగ్గర తెరుచుకునే సేఫ్టీ వాల్వ్ ఆగకుండా బుసకొడుతుంది. మొదట్లో చాలా టెన్షన్ పడ్డాను. తర్వాత ట్యాంకు మీద తడిగుడ్డ వేసి పది నిమిషాలు ఆగాకే గ్యాస్ నింపడం నేర్చుకున్నాను, అదీ చుట్టుపక్కల ఎక్కడా మంట లేకుండా.

పట్టాలు తాండూరు బండల మీద వేశాను. మేస్త్రీలు వాడే నీళ్ల పైపుతో లెవెల్ చూశాను, ఏమాత్రం వాలున్నా ఇంజన్ అక్కడ పరుగెత్తేస్తుంది. అయితే జాయింట్లు బిగించేసి తప్పు చేశాను. పది మీటర్ల ఇత్తడి పట్టా ఉన్నదానికంటే 45 డిగ్రీలు ఎక్కువ వేడెక్కితే 8 మిల్లీమీటర్లకు పైగా సాగుతుంది. మొదటి మే నెలలోనే ఒకచోట పాములా వంకర తిరిగింది. మీరు వేస్తే సందులు వదలండి.

నడిపినప్పుడల్లా చేయాల్సిన పని ఒకటుంది. క్యాబ్ (డ్రైవర్ నిలబడే గది) పక్కన చిన్న నూనె గిన్నె ఉంటుంది. ఆవిరి అందులోకి వెళ్లి చల్లబడి నీరై అడుగుకు దిగుతుంది, ఆ మేరకు పైనున్న నూనె సిలిండర్లలోకి పోతుంది. నడిపిన ప్రతిసారీ ఆ నీళ్లు సిరంజితో లాగేసి, 460 గ్రేడ్ స్టీమ్ ఆయిల్ మళ్లీ నింపాలి. ఒకసారి మరిచిపోతే పిస్టన్ కీచుమని మొరాయించింది. బండి ఆయిల్ ఎప్పుడూ పోయకండి.

మొదటి ఎండాకాలంలో నాయిన కుర్చీ వేసుకుని చూసి, "పొగ ఏదిరా? పొగ లేకుంట బండెట్లయితది?" అన్నాడు. ఆవిరి కంటికి కనబడదు. చల్లగాలికి నీటి తుంపరగా మారితేనే తెల్లగా కనిపిస్తుంది. మే నెల గాలిలో అది చిమ్నీ దాటకముందే మాయం. డిసెంబర్‌లో పొద్దున ఆరున్నరకు శాలువా కప్పుకుని వచ్చి కూర్చున్నాడు. లైటర్ చిమ్నీ మూతి దగ్గర పెట్టి గ్యాస్ మెల్లగా తిప్పాను. 'టప్' మని మంట లోపలికి పోయింది. ఏడెనిమిది నిమిషాలకు ఇంజన్ కదిలింది. వేపచెట్టు దాకా తెల్లటి చార సాగింది. నాయిన ఏమీ అనలేదు, గ్యాస్ అయిపోయేదాకా ఇరవై నిమిషాలు లేవలేదు.

అప్పటి నుంచి నవంబర్ నుంచి ఫిబ్రవరి దాకా పొద్దున్నే నడుపుతాను. ఎండాకాలం ఇంజన్ విప్పి శుభ్రం చేసుకుంటాను. ఈ ఏడాది వానలకు ఆరు క్యాన్లు నిండాయి, ఫిబ్రవరి దాకా సరిపోతాయి.